పళ్ళకు పునాది

పిల్లలూ!

జామకాయ ఇష్టం లేనివాళ్ళు మీలో ఎవరూ ఉండరు. హైదరాబాదు పాతబస్తీలో తోపుడుబండ్ల మీద జామకాయలు నాలుగు చీలికలుగా కోసి, ఉప్పూ కారమూ చల్లి ఇస్తూ ఉంటారు. శాలిబండలో ఉండే మీవంటి ఒక అమ్మాయి, బడి నుంచి వస్తూ అటువంటి జామకాయ కొన్నదనుకోండి. ఆ అమ్మాయికి పదేళ్ళు. ఒక్క కొరుకు కొరికి చూసుకునేసరికి, తెల్లటి జామకాయ మీద ఎర్రటి చార కనిపించింది. కారం తగిలి నోరు చురుక్కుమన్నది. అమ్మాయి హడలిపోయి ఇంటికి పరిగెత్తింది. ఆ జామకాయను నాయనమ్మకు చూపించింది.

నాయనమ్మ అమ్మాయి నోరు తెరిపించి చూసింది. "ఏం కాదు బిడ్డా! బ్రష్షుతో గట్టిగా రుద్ది ఉంటావు. నాలుగు రోజులు పళ్ళు తోమకు. ఉత్త నీళ్ళు పుక్కిలించి ఊరుకో. అదే తగ్గుతుంది," అన్నది.

నాయనమ్మ ఆ మాట ప్రేమతోనే అన్నది. ఆమె చిన్నప్పుడు ఆమెకు కూడా పెద్దలు అలాగే చెప్పారు. అయితే ఆమెకు ఇప్పుడు కింది పళ్ళలో నాలుగు లేవు. మరి రెండు కదులుతున్నాయి. ఆమెకు ఎన్నడూ పన్నునొప్పి వచ్చి ఎరగదు. నొప్పి లేకుండానే పళ్ళు ఊడిపోయాయి!

నాయనమ్మ సలహా సరి అయినదేనా? జామకాయ మీద రక్తం ఎందుకు వచ్చింది? నొప్పి లేకుండా పళ్ళు ఎందుకు ఊడతాయి? ఈ మూడు ప్రశ్నలకూ సమాధానం ఒక్కచోటే ఉన్నది. అది మన చిగుళ్ళలో ఉన్నది.

లేత చిగురు

తెలుగులో చిగురు అంటే లేత ఆకు. పంటి చుట్టూ ఉండే మెత్తటి కండను కూడా మనం చిగురే అంటాము. ఈ పేరు ఎంతో బాగా కుదిరింది. చింతచిగురు ఎంత లేతగా ఉంటుందో పంటి చిగురూ అంత లేతగా ఉంటుంది. దానిని మోటుగా రాపాడితే కందిపోతుంది.

ఆరోగ్యంగా ఉన్న చిగురు లేత గులాబి రంగులో ఉంటుంది. దగ్గరగా చూస్తే దాని మీద కమలాపండు తొక్క మీద ఉన్నట్టు సన్నని గుంటలు కనిపిస్తాయి. అది పంటి మెడ చుట్టూ చొక్కా కాలరులాగా బిగువుగా పట్టుకుని ఉంటుంది. మనలో కొందరికి చిగుళ్ళ మీద నల్లటివో గోధుమరంగువో మచ్చలు పుట్టుకతోనే ఉంటాయి. అవి చర్మపు రంగు వంటివే. వాటిని చూసి జబ్బు అనుకోకూడదు.

పన్నులో మనకు పైకి కనిపించేది దాని తల మటుకే. దాని వేరు దవడ ఎముకలోని గుంటలో దిగి ఉంటుంది. ఆ వేరుకూ ఎముకకూ మధ్య సన్నని నారలు వేలకొద్దీ ఉంటాయి. ఆ నారలున్న చోటు మందం మిల్లీమీటరులో అయిదో వంతు మాత్రమే! అయినా పన్నును ఎముకకు కట్టి ఉంచేవి అవే. మీరు చెరుకుగడ కొరికినప్పుడు ఆ అదురు ఎముకకు తగలకుండా కాచేవి కూడా అవే. ఈ ఎముకనూ, నారలనూ పైనుంచి కప్పి కాపాడేది చిగురు.

చార్మినారును చూడండి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఆ కట్టడం నాలుగు వందల ఏళ్ళు దాటినా నిలిచి ఉన్నది. ఎత్తయిన మీనార్లను అందరూ మెచ్చుకుంటారు. పునాదిని ఎవరూ చూడరు. కాని పునాది కదిలితే మీనారు నిలుస్తుందా? మన పళ్ళ సంగతీ అంతే. పన్ను ఎంత తెల్లగా, ఎంత గట్టిగా ఉన్నా, దాని పునాది చిగురూ, ఎముకా. పన్ను పుచ్చకుండా ఉండి కూడా, పునాది పాడయినందువల్ల ఊడిపోవచ్చు. నాయనమ్మ పళ్ళకు పట్టిన గతి అదే.

బట్టల వర్తకుడు చూసిన వింత

చిగుళ్ళను పాడుచేసే శత్రువును మొట్టమొదట కళ్ళారా చూసినవాడు వైద్యుడు కాడు. అతను హాలండు దేశంలో డెల్ఫ్ట్ అనే ఊళ్ళో ఉన్న బట్టల వర్తకుడు. పేరు ఆంటనీ వాన్ లీవెన్‌హుక్. మన పత్తర్‌గట్టీలో బట్టల కొట్లవాళ్ళు గుడ్డను వేళ్ళతో నలిపి నేత చూసినట్టే, అక్కడి వర్తకులు భూతద్దంతో పోగులు చూసేవాళ్ళు. లీవెన్‌హుక్‌కు భూతద్దాల మీద మోజు ఎక్కువయింది. తన చేత్తో చిన్న చిన్న అద్దాలు అరగదీసి, అంతకు ముందు ఎవరూ చూడనంత సూక్ష్మమైన వస్తువులను చూడసాగాడు.

1683లో ఒకనాడు అతను తన పళ్ళ సందుల్లోంచి తెల్లటి పదార్థం కాస్త గీకి, నీళ్ళలో కలిపి, అద్దం కింద పెట్టాడు. అప్పటికి మన గోలకొండను తానీషా పరిపాలిస్తున్నాడు. లీవెన్‌హుక్‌కు ఆ చుక్కలో చిన్న చిన్న జీవులు కనిపించాయి. కొన్ని బాణంలా దూసుకుపోతున్నాయి. కొన్ని బొంగరంలా తిరుగుతున్నాయి! అతను రోజూ పళ్ళు ఉప్పుతో తోముకునే మనిషి. ఆ తరవాత జన్మలో పళ్ళు తోమి ఎరగని ఒక ముసలివాడి నోటిలోని పదార్థాన్ని తీసి చూస్తే, జీవులు లెక్కకు అందనన్ని ఉన్నాయి. తన దేశంలో ఉన్న జనం కన్న తన నోటిలో ఉన్న జీవులే ఎక్కువని అతను లండనులోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు.

ఆ జీవులనే మనం ఇప్పుడు బాక్టీరియా అంటున్నాము. పళ్ళ మీద అంటుకునే తెల్లటి, జిగట పొరను మన ఇళ్ళలో పాచి అంటారు. దంతవైద్యులు దానినే ప్లాక్ అంటారు. మీరు పొద్దున్నే లేచి నాలుకతో పళ్ళు తడిమి చూడండి. జారుడుగా, నూగుగా తగిలేది పాచి. అది అన్నం మెతుకుల ముక్క అనుకోకండి. అది బాక్టీరియా కట్టుకున్న ఊరు. పళ్ళు తోమిన కొద్ది గంటలకే ఆ ఊరు మళ్ళీ వెలవటం మొదలుపెడుతుంది. నీళ్ళు పుక్కిలిస్తే మెతుకులు పోతాయి గాని, పాచి పోదు. దానిని రుద్ది తుడవవలసిందే.

గోడకు గార అందం, పంటికి గార చేటు

పాచిని తుడవకుండా వదిలేస్తే ఏమవుతుంది? మన లాలాజలంలో కాల్షియమూ, ఫాస్ఫేటూ అనే లవణాలు కరిగి ఉంటాయి. అవి పాచిలో చేరి, కొద్ది రోజుల్లోనే దానిని గట్టి రాయిలా మారుస్తాయి. పసుపుపచ్చగా, పెళుసుగా ఉండే ఆ పదార్థాన్ని మనవాళ్ళు గార అంటారు. పేరు చూశారా! చార్మినారు గోడల మీద సున్నంతో చేసిన నగిషీని కూడా గారపని అనే అంటారు. సున్నంలో ఉన్నదీ కాల్షియమే. గార కట్టిన గోడకు అందం వస్తుంది. గార కట్టిన పంటికి ఆయుష్షు తగ్గుతుంది.

గార ఎక్కడ ఎక్కువ పడుతుందో తెలుసా? కింది వరసలో ముందు పళ్ళకు లోపలి వైపునా, పై వరసలో దవడపళ్ళకు బయటి వైపునా. లాలాజలం ఊరే గొట్టాలు సరిగ్గా ఆ చోట్లనే తెరుచుకుంటాయి. గార ఒకసారి కట్టిందంటే బ్రష్షుతో తోమినా, పుల్లతో తోమినా ఊడిరాదు. పైగా అది గరుకుగా ఉండటం వల్ల, దాని మీద కొత్త పాచి ఇంకా సులువుగా అంటుకుంటుంది.

చిగురు అంచున చేరిన బాక్టీరియా విషపదార్థాలు వదులుతుంది. మన శరీరం ఊరుకోదు. శత్రువును ఎదిరించటానికి రక్తాన్నీ, తెల్ల కణాలనూ అక్కడికి పంపుతుంది. అందువల్ల చిగురు ఎర్రబడి, ఉబ్బి, మెత్తబడుతుంది. తాకితే చాలు రక్తం చిమ్ముతుంది. దీనినే చిగుళ్ళ వాపు, ఇంగ్లీషులో జింజివైటిస్, అంటారు. జామకాయ మీద కనిపించిన చార ఇదే.

పళ్ళు తోముకోని విద్యార్థులు

"నాలుగు రోజులు తోమకు" అన్న సలహా సంగతి ఇప్పుడు చూద్దాం. దీనికి జవాబు డెన్మార్కు దేశంలోని ఆర్హూస్ నగరంలో దొరికింది. అక్కడ హెరాల్డ్ లో అనే పరిశోధకుడూ, ఆయన సహచరులూ చేసిన ఒక తమాషా అయిన ప్రయోగం 1965లో అచ్చయింది. చిగుళ్ళు బాగా ఉన్న 12 మందిని వాళ్ళు ఎంచుకున్నారు. అందులో చాలామంది దంతవైద్యం చదివే విద్యార్థులే. ఇతరులకు పళ్ళు తోముకోమని చెప్పవలసిన వాళ్ళు, ప్రయోగం కోసం తాము తోముకోవటం మానేశారు!

రోజురోజుకూ పళ్ళ మీద పాచి పేరుకున్నది. కొందరికి 10 రోజులకే, కొందరికి 3 వారాలకు చిగుళ్ళు ఎర్రబడి వాచాయి. 12 మందిలో ఒక్కరు కూడా తప్పించుకోలేదు. అప్పుడు వాళ్ళను మళ్ళీ శుభ్రంగా తోముకోమన్నారు. ఇంచుమించు ఒక వారంలో అందరి చిగుళ్ళూ మామూలు స్థితికి వచ్చాయి. ఏ మందూ వెయ్యలేదు!

దీనివల్ల మనకు రెండు సంగతులు తెలిశాయి. చిగుళ్ళ వాపు తెచ్చేది పాచి. పాచిని తుడిచేస్తే మొదటి దశలో ఆ వాపు పూర్తిగా తగ్గుతుంది. కనక చిగురు నుంచి రక్తం వచ్చినప్పుడు తోమటం మానెయ్యటం, మంట మీద కట్టెలు పేర్చటం వంటిది. ఆ రోజుల్లోనే ఇంకా శ్రద్ధగా, ఇంకా మెత్తగా తోమాలి. మొదటి మూడు నాలుగు రోజులు రక్తం కనిపిస్తుంది. భయపడకూడదు. వాపు తగ్గినకొద్దీ రక్తం తగ్గుతుంది.

పునాది కూలటం

మొదటి దశలో శ్రద్ధ తీసుకోకపోతే, కొందరిలో జబ్బు లోపలికి దిగుతుంది. పంటికీ చిగురుకూ మధ్య మామూలుగా 1 నుంచి 3 మిల్లీమీటర్ల లోతున సన్నని సందు ఉంటుంది. జబ్బు దిగినకొద్దీ నారలు తెగి, ఆ సందు సంచిలాగా లోతవుతుంది. ఆ సంచిలోకి బ్రష్షు పోదు. బాక్టీరియా మటుకు హాయిగా కాపురం పెడుతుంది. వేరు చుట్టూ ఉన్న ఎముక మెల్లమెల్లగా కరిగిపోతుంది. ఈ రెండో దశను పెరియోడాంటైటిస్ అంటారు. పెద్దవాళ్ళు పయోరియా అనే పాత పేరుతో చెబుతూ ఉంటారు.

ఈ జబ్బుకు ఒక చెడ్డ గుణం ఉన్నది. ఇది చాలామందిలో నొప్పి పుట్టించదు. ఏళ్ళ తరబడి చప్పుడు చెయ్యకుండా పని చేస్తుంది. 2019 మే నెలలో చార్మినారు మీనారు ఒకదాని నుంచి గార పెచ్చు ఊడి కింద పడింది. ఊడిన నాడు అందరూ చూశారు. అది వదులవుతున్న రోజుల్లో కింద నడిచిపోయే జనానికి ఏమీ తెలియలేదు. చార్మినారుకు పురావస్తు శాఖవారు మరమ్మతు చేశారు. కాని కరిగిపోయిన దవడ ఎముక దానంతట అది తిరిగి పెరగదు. వైద్యం వల్ల జబ్బును అక్కడికి ఆపవచ్చు. పోయినదంతా తిరిగి రాదు. అందుకే మొదటి దశలోనే గుర్తు పట్టాలి.

ఎలా గుర్తు పట్టాలి?

వెలుతురు బాగా ఉన్న చోట అద్దం ముందు నిలబడి, పెదవులు పైకి ఎత్తి చూడండి. ఈ గుర్తులు వెతకండి:

1. చిగురు అంచు ఎర్రగా, ఉబ్బి, నిగనిగలాడుతున్నదా?
2. తోమినప్పుడో, గట్టి పండు కొరికినప్పుడో రక్తం వస్తున్నదా?
3. పళ్ళ మెడల దగ్గర పసుపుపచ్చటి గార కనిపిస్తున్నదా?
4. తోమిన తరవాత కూడా నోరు వాసన వేస్తున్నదా?

ఇవి మొదటి దశ గుర్తులు. ఇంట్లో పెద్దవాళ్ళకు మరికొన్ని గుర్తులు ఉండవచ్చు. చిగురు కిందికి దిగి పళ్ళు పొడుగ్గా కనిపించటం, పళ్ళ మధ్య కొత్తగా సందులు రావటం, చిగురు నొక్కితే చీము రావటం, పళ్ళు కదలటం రెండో దశ గుర్తులు. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చెయ్యకుండా దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళాలి.

ఒక సంగతి జ్ఞాపకం ఉంచుకోండి. జర్దా కిళ్ళీ, గుట్కా, బీడీ, సిగరెట్టు అలవాటున్న వాళ్ళకు చిగుళ్ళ జబ్బు తొందరగా వస్తుంది, తొందరగా ముదురుతుంది. అయినా పొగతాగే వాళ్ళకు తరచు రక్తం కనిపించదు! పొగాకు చిగుళ్ళలోని రక్తనాళాలను కుంచింపజేసి, ప్రమాద సూచనను కప్పిపెడుతుంది. రక్తం రాలేదు కదా అని వాళ్ళు ధీమాగా ఉండకూడదు.

చిగుళ్ళలో వచ్చే బాధలన్నీ ఈ జబ్బే అనుకోకూడదు. మీకు 6 ఏళ్ళ నుంచి 12 ఏళ్ళ దాకా పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వస్తాయి. కొత్త పన్ను పొడుచుకొచ్చే చోట చిగురు కాస్త వాచటం సహజమే. అక్కడ మరింత శుభ్రంగా ఉంచితే చాలు. పుచ్చిన పంటి పక్కన చిగురు మీద చిన్న చీముపొక్కు లేస్తే, తప్పు చిగురుది కాదు, పంటి లోపలిది. దానికి వైద్యం వేరు. రోజుల తరబడి ఆగకుండా రక్తం వస్తూ, దానితో పాటు జ్వరమో, నీరసమో, ఒంటి మీద నీలిమచ్చలో ఉంటే, వెంటనే పెద్ద డాక్టరుకు చూపించాలి.

నావికులు, నిమ్మపళ్ళు

చిగుళ్ళ నుంచి రక్తం కారించే మరొక జబ్బు ఉన్నది. దాని పేరు స్కర్వీ. పూర్వం నెలల తరబడి ఓడల్లో పోయే నావికులు తాజా పళ్ళూ కూరలూ లేక, చిగుళ్ళు వాచి, పళ్ళు ఊడి, చివరకు ప్రాణాలే పోగొట్టుకునేవాళ్ళు. 1747లో జేమ్స్ లిండ్ అనే బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు ఈ జబ్బు పట్టిన 12 మంది నావికులను తీసుకుని, ఇద్దరిద్దరికి ఒక్కొక్క విధమైన మందు ఇచ్చి చూశాడు. నారింజలూ, నిమ్మపళ్ళూ తిన్న ఇద్దరూ అందరికన్న త్వరగా కోలుకున్నారు. ఆ పళ్ళలో ఉన్న సి విటమిన్ వాళ్ళను బతికించింది.

మనకు ఉసిరికాయలోనూ, జామకాయలోనూ ఆ విటమిన్ పుష్కలంగా దొరుకుతుంది. కాబట్టి రక్తం వచ్చిందని మన అమ్మాయి జామకాయ మానవలసిన పని లేదు. కాస్త కారం తగ్గించుకుంటే చాలు! అయితే సరిగా తిండి తినే పిల్లలకు స్కర్వీ రావటం చాలా అరుదు. కనక సి విటమిన్ మాత్రలు మింగితే చిగుళ్ళ వాపు పోతుందనుకోవటం పొరపాటు. పాచిని మాత్రలు తుడవలేవు.

మధుమేహం, అంటే చక్కెర జబ్బు, ఉన్నవాళ్ళకు కూడా చిగుళ్ళ జబ్బు ఎక్కువగా వస్తుంది. చిగుళ్ళు పాడయితే రక్తంలో చక్కెరను అదుపులో ఉంచటం మరింత కష్టమవుతుంది. ఒకదానికొకటి ఆజ్యం పోస్తాయన్నమాట. మీ తాతగారికో, నాయనమ్మగారికో చక్కెర జబ్బు ఉంటే, చిగుళ్ళు కూడా చూపించుకోమని చెప్పండి. కడుపుతో ఉన్న తల్లులకు చిగుళ్ళు తేలికగా వాస్తాయి. మూర్ఛకు వాడే కొన్ని మందుల వల్ల కూడా చిగుళ్ళు పెరుగుతాయి. అటువంటప్పుడు మందు మానెయ్యకూడదు. డాక్టరుకు చెప్పాలి.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

మన దేశంలో మొదటి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ స్థాపించాడు. హైదరాబాదులో 1959లో ఉస్మానియా వైద్య కళాశాలలో దంతవైద్య విభాగం మొదలయింది. అదే పెరిగి ప్రభుత్వ దంతవైద్య కళాశాల, ఆసుపత్రి అయింది. పాతబస్తీ వాళ్ళకు అది దూరం కాదు. మదీనా మీదుగా వచ్చి, నయాపూల్ వంతెన మీద మూసీ దాటితే అఫ్జల్‌గంజ్. నది ఒడ్డున గుమ్మటాలతో ఠీవిగా నిలబడిన ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం ఉన్న పేట అది. దంతవైద్య ఆసుపత్రి కూడా అక్కడే ఉన్నది.

చిగుళ్ళ వైద్యుడు మొదట మిల్లీమీటర్ల గుర్తులున్న సన్నని కడ్డీతో పంటి చుట్టూ సందు లోతు కొలుస్తాడు. ఎముక ఎంత ఉన్నదో ఎక్సరేలో చూస్తాడు. ఆ తరవాత గార తీస్తాడు. దీనిని స్కేలింగ్ అంటారు. సెకనుకు వేలకొద్దీ తడవలు అదిరే చిన్న పనిముట్టు మొన పంటికి తగిలితే, గార పెళుసుగా విరిగిపోతుంది. దానితో పాటే నీళ్ళు చిమ్మి కడిగేస్తుంది. జబ్బు లోతుగా ఉంటే చిగురు కింద వేళ్ళను కూడా శుభ్రం చేస్తారు. ఇంకా లోతుగా ఉంటే చిగురును కొద్దిగా తెరిచి శస్త్రచికిత్స చేస్తారు.

"గార తీయిస్తే పళ్ళు వదులవుతాయి," అని పెద్దవాళ్ళు భయపడుతూ ఉంటారు. నాయనమ్మ దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళకపోవటానికి ఆ భయమే కారణం. అసలు సంగతి ఏమిటంటే, ఎముక కరిగిన తరవాత ఏర్పడిన సందులను గార పూడ్చి ఉంచుతుంది. పళ్ళను ఒకదానికొకటి అంటించి నిలబెడుతుంది. దానిని తీసేసరికి, అప్పటికే ఉన్న సందులూ, అప్పటికే ఉన్న వదులూ బయటపడతాయి. కొన్నాళ్ళు చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమంటుంది కూడా. అది సర్దుకుంటుంది. గారను అలాగే ఉంచితే మటుకు, ఉన్న ఎముక కూడా పోతుంది.

ఇంట్లో మనం చేసుకోవలసింది

ఆసుపత్రిలో గార తీస్తారు గాని, రోజూ పట్టే పాచిని తుడవవలసినది మనమే. పొద్దున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, ఒక్కొక్కసారి 2 నిమిషాలు తోమాలి. మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్షు తీసుకోండి. దాని మీద బఠాణీగింజంత పేస్టు చాలు. కుచ్చు చిగురు అంచు వైపు వాలేటట్టు బ్రష్షును ఏటవాలుగా పెట్టి, చిన్న చిన్న కదలికలతో మెల్లగా తోమండి. పళ్ళ లోపలి వైపు మరిచిపోకండి. చాలామంది తోమని చోటు అదే, గార ముందు పట్టే చోటూ అదే! కుచ్చు విరిగి పక్కలకు వాలగానే, లేకపోతే మూడు నెలలకు, బ్రష్షు మార్చాలి.

వేపపుల్ల, కానుగపుల్ల, మక్కా మసీదు దగ్గర అమ్మే మిస్వాక్ పుల్ల, ఇవన్నీ మంచివే. కొసను బాగా నమిలి, కుంచెలా మెత్తగా చేసుకుని, మెల్లగా తోమితే పాచి పోతుంది. అయితే లోపలి వైపునా, వెనక దవడపళ్ళ దగ్గరా పుల్ల సరిగా అందదు. అక్కడ ఓపికగా తిప్పాలి. పుల్లను రంపంలా అడ్డంగా కొయ్యకూడదు. బొగ్గుపొడి, ఇటుకపొడి వాడితే పంటి మెడ అరిగి, చిగురు గీసుకుపోతుంది. పొగాకు కలిపిన పళ్ళపొడి అసలే ముట్టకూడదు.

చిగురు వాచినప్పుడు ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది. లవంగనూనె నొప్పిని కాసేపు మరిపిస్తుంది గాని జబ్బును కుదర్చదు. ఎక్కువ రాస్తే చిగురు కాలుతుంది. తలనొప్పి మాత్రను చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టుకుంటే పుండు పడుతుంది. అటువంటి పనులు చెయ్యకండి, ఇంట్లో ఎవరినీ చెయ్యనివ్వకండి.

మళ్ళీ శాలిబండకు

ఇక మన అమ్మాయి సంగతి చూద్దాం. అమ్మాయి నాయనమ్మ దగ్గర కూచుని, ఆర్హూస్ విద్యార్థుల కథ చెప్పింది. నాయనమ్మ నమ్మీ నమ్మనట్టు తల ఊపింది. "సరే బిడ్డా, వారం రోజులు చూద్దాం," అన్నది.

ఆ రాత్రి నుంచి అమ్మాయి రెండు పూటలా మెల్లగా, లోపలి వైపు కూడా తోమింది. మొదటి రోజు ఉమ్మిలో రక్తం కనిపించింది. రెండో రోజూ కనిపించింది. అమ్మాయి మానలేదు. అయిదో రోజుకు ఉమ్మి తెల్లబడింది. ఎనిమిదో రోజు సాయంకాలం మళ్ళీ జామకాయ కొన్నది. కొరికి, నాయనమ్మకు చూపించింది. చార లేదు.

నాయనమ్మ జామకాయను అటూ ఇటూ తిప్పి చూసింది. తరవాత నాలుకతో తన కదిలే పళ్ళను తడిమి చూసుకున్నది. "అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి పొద్దున ఎప్పుడు తెరుస్తారో మీ నాయనను కనుక్కోమను," అన్నది.

పిల్లలూ! రేపు పొద్దున మీరు కూడా అద్దం ముందు నిలబడి పెదవి ఎత్తి చూసుకోండి. వారం రోజుల పాటు, తోమిన తరవాత ఉమ్మిలో రక్తం ఉన్నదో లేదో ఒక కాగితం మీద రాయండి. ఏడో రోజుకు రక్తం ఆగితే, మీ చిగుళ్ళను మీరే బాగుచేసుకున్నారన్నమాట. రెండు వారాలు శ్రద్ధగా తోమినా ఆగకపోతే, ఆ కాగితం పట్టుకుని అమ్మతోనో నాన్నతోనో దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు, ఇంట్లో పళ్ళు కదిలే పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళను కూడా వెంట తీసుకువెళ్ళండి.